గంట దాటిన స్లైడ్లు

ఆ మంగళవారం జువేనా షామె తన తెల్లకోటుని రెండుసార్లు ఇస్త్రీ చేసుకుంది. నులిపురుగుల ల్యాబులో పొద్దస్తమానం పిల్లల మలంతో పని. దానికి ఇస్త్రీ కోటు ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. విదేశాల నుంచి అతిథులు వస్తున్నారని వారం ముందే తెలుసు. వాళ్లకి చూపించడానికి ఆ ల్యాబులో మైక్రోస్కోపుల తర్వాత చెప్పుకోదగ్గవి తన కళ్లేనని కూడా తెలుసు. ఇరవై రెండేళ్లలో, అందరూ గౌరవంగా 'బీ' అని పిలిచే జువేనా చూసిన స్లైడ్లు పెంబా దీవిలో కోసిన లవంగాల కంటే ఎక్కువని ల్యాబు పెద్ద డాక్టర్ నస్సోర్ నలుగురిలో అంటుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె "ఊరుకోండి డాక్టర్" అంటుంది గాని, ఆయన నిజంగా ఊరుకుంటే ఆమెకి బాగుండదు.

తొమ్మిదిన్నరకి మ్జింగానీ బడి నుంచి డబ్బాలు వచ్చాయి. పద్దెనిమిది మంది పిల్లలవి. మూడు వారాల కిందట ఆ పిల్లల్లో కొందరికి ఎప్పుడూ ఇచ్చే మాత్ర ఒక్కటే ఇచ్చారు, కొందరికి దానితోపాటు కొత్తది ఇంకొకటి కలిపి ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రాసిన కాగితం సీలు వేసిన కవర్లో ఉంది. స్లైడు చూసేవాళ్లకి అది తెలియకూడదు. ఏ మందు పురుగుని చంపిందో, ఏది ఊరికే కడుపులో కరిగిపోయిందో ఇప్పుడు గుడ్లు లెక్కపెట్టి తేల్చాలి.

జువేనా, ఖతీబ్ హమద్ పక్కపక్కన నిలబడి పని మొదలుపెట్టారు. ఖతీబ్ నలభై దాటినవాడు, నలుగురు పిల్లల తండ్రి. నాలుగేళ్ల కిందట ఈ పని అతనికి నేర్పింది జువేనాయే. మలాన్ని సన్నటి జల్లెడలోంచి గీకి, గాజుపలక మీద చిన్న బిళ్లంత పెట్టి, గ్లిసరిన్‌లో నానిన ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితం ముక్క కప్పి, బోర్లించి బొటనవేళ్లతో నొక్కాలి. ఒక్కో పిల్లకి రెండు స్లైడ్లు. ఒకటి జువేనా పళ్లెంలోకి, ఇంకొకటి ఖతీబ్ పళ్లెంలోకి. కాసేపట్లో గ్లిసరిన్ ఆ మలాన్ని తేటపరుస్తుంది, లోపలి గుడ్లు కనిపిస్తాయి. ఐతే కొంకిపురుగు గుడ్డుకి పెంకు మరీ పల్చన. గంట దాటిందంటే ఆ గ్లిసరిన్ గుడ్డుని కూడా మింగేస్తుంది. ఆ తర్వాత ఎంత గొప్ప కళ్లు పెట్టి చూసినా అక్కడ ఏమీ ఉండదు. అందుకే ముందు కొంకిపురుగు గుడ్లు గబగబా లెక్కపెట్టి, కొరడా పురుగులాంటి మొండిరకాలని తర్వాత తీరిగ్గా చూస్తారు. అందుకే పుస్తకంలో ప్రతి స్లైడు ఎదుటా చూసిన టైము కూడా రాస్తారు.

పదింబావుకి స్లైడ్లన్నీ సిద్ధమయ్యాయి. ఒకరి లెక్క ఒకరికి కనపడకూడదని ఇద్దరి మైక్రోస్కోపుల మధ్యా చెక్క అడ్డు ఉంది. జువేనా స్టూలు లాక్కుని కూర్చోబోతుంటే డాక్టర్ నస్సోర్ గుమ్మంలోంచి తల పెట్టాడు.

"బీ జువేనా! వచ్చేశారు వాళ్లు. రండి రండి, మీతోనే మొదలుపెడదామని చెప్పాను."

"ఇప్పుడా? స్లైడ్లున్నాయి డాక్టర్."

"అయిదు నిమిషాలు. మొహం చూపించి వచ్చేద్దురుగాని."

ఖతీబ్ తన మొదటి స్లైడు సర్దుకుంటూ, "వెళ్లిరండి బీ," అన్నాడు. "ఆలస్యమయ్యేట్టుంటే కబురు చెయ్యండి. పక్కగదిలోంచి ఒకరిని పిలిచి మీ పళ్లెం ఇద్దరం పంచుకుంటాం."

"నా స్లైడ్లు పంచుకునేంతవాళ్లయ్యారా అప్పుడే?" నవ్వుతూనే అంది గాని చివర్లో కొంచెం కారం తగిలింది. "ముట్టుకోకు. వచ్చి నేనే చూసుకుంటా."

ఖతీబ్ మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

అతిథులు ఆరుగురు. వాళ్లలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె జువేనా చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు. డాక్టర్ లవంగాల మాట అన్నాడు, అందరూ నవ్వారు. కొరడా పురుగు గుడ్డు ఎలా ఉంటుందని పెద్దావిడ అడిగితే, "రెండువైపులా పిడులున్న టీ పళ్లెంలా," అంది జువేనా. డాక్టర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు, మళ్లీ నవ్వారు. నవ్వించడం ఇంత తేలికని ఆమెకి అంతకుముందు తెలియదు. చేదు కాఫీ వచ్చింది, హల్వా వచ్చింది. ఒక్కొక్కరూ పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. వర్షాకాలంలో మడ అడవి దాటి బడికి వెళ్లిన కథ చెప్పమన్నాడు డాక్టర్, చెప్పింది. నిజంగా జరిగినప్పుడు నీళ్లు మోకాళ్ల దాకానే వచ్చాయి, ఆ రోజు కథలో నడుం దాకా వచ్చాయి. గోడ గడియారం ఆమె వెనకే ఉంది. చూడాలనుకుంటే తల తిప్పితే చాలు. ఒకసారి తిప్పబోయింది కూడా. సరిగ్గా అప్పుడే ఎవరో ఇంకొక ప్రశ్న అడిగారు.

మసీదులో మధ్యాహ్నం అజాన్ మొదలైంది. జువేనా చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

గదిలోకి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఖతీబ్ తన పళ్లెం ముగించి, ఇంకో బడిలో ఖాళీ డబ్బాలు పంచడానికి బండెక్కి వెళ్లిపోయాడు. ఆమె పళ్లెం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ముట్టుకోవద్దంటే అతను నిజంగానే ముట్టుకోలేదు. పద్దెనిమిది స్లైడ్లూ ఆకుపచ్చ గాజుముక్కల్లా తేటగా మెరుస్తున్నాయి.

మొదటి స్లైడు పెట్టింది. కొరడా పురుగు గుడ్లు పిడులతో సహా శుభ్రంగా కనిపించాయి. కొంకిపురుగువి లేవు. రెండోదాంట్లో లేవు. నాలుగోదాంట్లో ఎండిపోయిన నీటిబొట్టు అంచులాంటిది ఏదో కనిపించినట్టై గబుక్కున మర తిప్పింది. ఏమీ లేదు.

డాక్టర్ గది పన్నెండడుగుల దూరం. అతిథులు ఇంకా అక్కడే ఉన్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. వెళ్లి ఏమని చెప్పాలి? మీతో కూర్చుని నేను హల్వా తింటుంటే ఇక్కడ గుడ్లు కరిగిపోయాయనా? ఆ తెల్లజుట్టు పెద్దావిడ ముందా? జువేనా లేచి గుమ్మం దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది. టైముకి చూసుంటే మాత్రం గుడ్లుండేవని ఏమిటి, మందు పనిచేసే ఉండొచ్చు కదా, అనుకుంది. అది వట్టి సాకని ఆమెకి తెలుసు. తెలిసే కొంకిపురుగు గడిలో సున్నా రాసింది. టైము గడిలో పదీ ముప్ఫయి అయిదు అని రాసింది. పద్దెనిమిది సున్నాలూ పద్దెనిమిది టైములూ ఎక్కడా కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. చివరిది పదకొండూ పది.

*

గురువారం పొద్దున డాక్టర్ నస్సోర్ ఇద్దరినీ పిలిచి, రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. డాక్టర్ చెడ్డవాడు కాదు. తొందర మనిషి, అంతే. అతిథుల సందడిలో ఆమె ఎప్పుడు లేచి వెళ్లిందో ఆయన గమనించుకోలేదు.

"ఒకే డబ్బా, ఒకే మలం," అన్నాడు. "ఖతీబ్ ఎనిమిది మందిలో కొంకిపురుగు ఉందంటున్నాడు. బీ జువేనా ఒక్కరిలో కూడా లేదంటున్నారు. ఇదిగో, ఈ పిల్ల. నీకు ఇరవై నాలుగు గుడ్లు, ఆవిడకి సున్నా. ఏమిటయ్యా ఈ లెక్క?"

"గుడ్లనే అనుకున్నాను డాక్టర్."

"అనుకున్నావా, చూశావా?"

"చూశాను..." ఖతీబ్ జువేనా వైపు తిరిగాడు. ఇప్పుడు బయటపెడతాడని ఆమె అనుకుంది. కాని అతని కళ్లలో ఆమె భయపడింది కనిపించలేదు, అయోమయం కనిపించింది. "కాని బీ జువేనా సున్నా రాశారంటే..."

"నేననేదీ అదే. గాలి బుడగల్ని లెక్కపెట్టి కూర్చున్నావు." డాక్టర్ టైము గడి మీద వేలు పెట్టి కిందికి దిగాడు. "ఇద్దరూ ఒకే టైముకి చూశారు. మళ్లీ చూద్దామంటే ఆ స్లైడ్లలో కొంకిపురుగు గుడ్డు ఈపాటికి ఒక్కటీ మిగలదు. ఇక మనకున్నది మనిషి మీద నమ్మకమే."

జువేనా ఖతీబ్ పుస్తకంలోకి చూసింది. ఎనిమిది మందిలో గుడ్లున్నాయి, పది మందిలో లేవు. గాలి బుడగలైతే పిల్లల్ని ఏరుకుని వాళ్ల డబ్బాల్లోనే చేరవు. ఒక మందు పనిచేసింది, ఇంకొకటి చేయలేదు. ఆ పేజీ చెబుతున్నది అదే. కవరు విప్పకపోయినా ఆమెకి తెలిసిపోయింది. తన పేజీ దాన్ని తుడిచేస్తోంది. అందరికీ సున్నా అయితే రెండు మందులూ ఒకటేనని తేలుతుంది, పాత మాత్రే చాలంటారు. మ్జింగానీ పిల్లల పేగుల్లో పురుగులు మాత్రం నెత్తురు తాగుతూ హాయిగా ఉంటాయి.

"మీరేమంటారు బీ?"

చెప్పాలంటే అదే అదను. గొంతు దాకా వచ్చింది. వచ్చింది ఇంకో మాటై బయటపడింది.

"ఎవరికైనా పొరపాటు జరుగుతుంది డాక్టర్. మంచి పనివాడు. దీన్ని పెద్దది చెయ్యకండి."

అన్నాక గాని తనేమన్నదో ఆమెకి అర్థం కాలేదు. తప్పు అతని నెత్తిన పెట్టింది. దాన్ని మన్నించిన పెద్దరికం కూడా తనే పుచ్చుకుంది.

"మీరన్నారని ఊరుకుంటున్నాను," అన్నాడు డాక్టర్. "ఖతీబ్, నిన్ను ఉంచాలో వద్దో నెలాఖరుకి చూద్దాం. అప్పటిదాకా మైక్రోస్కోపు జోలికి రాకు. కడగడం చూసుకో. పొరపాటు ఎలా జరిగిందో సోమవారానికి ఒక కాగితం రాసియ్యి."

బయటికి వచ్చాక ఖతీబ్ వరండాలో ఆగాడు. "మీ మేలు మర్చిపోను బీ," అన్నాడు. జువేనాకి తల కొట్టేసినట్టయింది. చేతులు కడుక్కోవాలని ఏదో గొణిగి పక్కకి తప్పుకుంది.

*

శుక్రవారం ఆమె వచ్చేసరికి ఖతీబ్ మోచేతుల దాకా బ్లీచింగ్ నీళ్లలో ఉన్నాడు. వాడేసిన గాజుపలకలని ఒక్కొక్కటే రుద్ది గుడ్డ మీద ఆరబెడుతున్నాడు. నాలుగేళ్లూ ఆమె పక్క స్టూలు మీద కూర్చున్న మనిషి.

"షికామో, బీ."

చిన్నవాడిగా అతను పలకరించాలి, పెద్దదిగా ఆమె "మరహబా" అని అందుకోవాలి. రోజూ జరిగేదే. ఆ రోజు ఆ మాట ఆమెకి నోట్లోంచి పెగల్లేదు. తలూపి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే అతను తడిచేత్తో ఒక కన్ను మూసుకుని ఎదురుగోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. తర్వాత రెండో కన్ను మూసుకుని చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఏ కంటితో చూసినా ఒకటే కనిపించినట్టుంది, నిట్టూర్చి మళ్లీ పలకలు అందుకున్నాడు.

జువేనా ఆ రోజు చూసిన స్లైడ్లన్నిటికీ నిమిషాలతో సహా టైము రాసింది. ఎవరూ అడగని చోట కూడా రాసింది. దానివల్ల మనసు కుదుటపడలేదు.

శనివారం సాయంత్రం ఖతీబ్ ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా చాపల మీద లవంగాలు ఆరుతున్నాయి. ఇంటి ముందు ఖతీబ్ భార్య మిజె వంగుని లవంగాలు తిరగేస్తోంది. జువేనాని చూడగానే చేతులు దులుపుకుని ఎదురొచ్చింది.

"రండి బీ, రండి! ఇవాళ మా ఇల్లు గుర్తొచ్చిందే!" గోడవారన అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరిపాలలో ఉడికించిన కర్రపెండలం పళ్లెం తెచ్చి పెట్టింది. "ఆయన చాకే పట్నం వెళ్లాడు, కళ్లజోళ్ల కొట్టుకి. వచ్చే వేళైంది. అబ్బబ్బ, మీరే చెప్పాలి బీ ఆయనకి. రెండు రోజులుగా ఆ వాలకం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. బియ్యంలో రాళ్లు నన్ను ఏరనివ్వడు. తనే ఏరతాట్ట, కళ్లకి పరీక్షట. నిన్న సూదిలో దారం పదిసార్లు ఎక్కించాడు. పదిసార్లూ ఎక్కింది. ఎక్కితే సంతోషించాలా వద్దా? మొహం ఇంకా వేలాడేసుకున్నాడు."

జువేనా పెండలం ముక్క పట్టుకునే ఉంది.

"మీరొక్కరే ఆయన పక్షాన మాట్లాడారటగా," అంది మిజె. "మీకు దేవుడు మేలు చెయ్యాలి. ప్రతి నమాజులో మీ పేరు చెప్పి అడుగుతున్నాను."

జువేనా ముక్క పళ్లెంలో పెట్టేసింది. అరుగు కింద భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది.

ఇంతలో రోడ్డు మీద డాలాడాలా ఆగింది. జనం కిక్కిరిసిన ఆ బండి వెనక నుంచి ఖతీబ్ దిగి, ఆమెని చూసి నడక వేగం పెంచాడు. "షికామో, బీ. మీరొచ్చారా? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా." అరుగు మీద ఎడంగా కూర్చున్నాడు. "కళ్లు బాగానే ఉన్నాయట. జోడు అక్కర్లేదని తిప్పి పంపేశాడు. జోడు రాసుంటే బాగుండేది బీ. కళ్లు బాగున్నాయంటే పాడైంది బుర్రన్నమాట."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "డాక్టర్ అడిగింది రాశాను. ఒకసారి చూసి పెట్టండి. తప్పులుంటే దిద్దండి."

ఆమె విప్పింది. 'గాలి బుడగలను గుడ్లుగా పొరబడితిని. ఇది పూర్తిగా నా అజాగ్రత్త.' అక్కడి దాకా చదివి మడిచేసింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు ఖతీబూ. నువ్వు చూసింది గుడ్లే. నేను చూసేసరికి పన్నెండున్నర దాటింది."

ఖతీబ్ తల అడ్డంగా ఊపి చిన్నగా నవ్వాడు. "వద్దు బీ. నా కోసం మీరింత నెత్తిన వేసుకోకండి."

"నెత్తిన వేసుకోవడం కాదు. జరిగింది చెబుతున్నా."

"అడ్డు అవతల మీరెప్పుడొచ్చి చూసుకుని వెళ్లారో నాకు తెలియదు గాని, పుస్తకంలో పదీ ముప్ఫయి అయిదు అని ఉంది. నేను చూశాను."

"ఆ అంకె నేను రాసింది."

"అదేగా నేనూ అంటున్నది. మీరు రాశారు."

జువేనాకి ఏడుపొచ్చింది. తప్పు ఒప్పుకుంటే కోపం వస్తుందని, తిడతాడని, ఎన్నో అనుకుని వచ్చింది. ఒప్పుకున్నా నమ్మడని మాత్రం అనుకోలేదు. ఈ నమ్మకాన్ని తను చేతులారా పెంచింది. ఆ రోజు ఆరుగురి ముందు నిలబడి దాన్నే అమ్ముకుంది.

"అబద్ధం రాశాను," అంది. "వాళ్లతో కూర్చుని కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాను. అజాన్ విన్నాక గాని లేవలేదు. వచ్చేసరికి స్లైడ్లు నీళ్లలా ఉన్నాయి. సిగ్గేసి పదిన్నరకే చూసినట్టు టైములు రాసుకున్నాను."

లవంగాల్లో మిజె చేతులు ఆగిపోయాయి. ఖతీబ్ మొహంలో నవ్వు ఇంకా కాసేపు ఉండి, మెల్లగా పోయింది.

"ఆ రోజు మిమ్మల్ని అడిగాను," అన్నాడు.

"అడిగావు."

"ముట్టుకోవద్దన్నారు."

"అన్నాను."

"గుడ్డివాణ్ణైపోతున్నానని కాదు నా భయం." అతని గొంతు పెరగలేదు. "నాలుగేళ్లుగా నేను లెక్కపెట్టినవన్నీ బుడగలేనేమోనని. ఎంతమంది పిల్లలకి ఉందని రాశాను, ఎంతమందికి లేదని రాశాను... గురువారం నుంచీ ఒక్కో బడీ గుర్తుచేసుకుంటున్నాను బీ. మీరేమో పక్క గదిలోనే ఉన్నారు."

"నేను మూడు రోజులుగా మీకోసం దువా చేస్తున్నాను," అంది మిజె లేచి నిలబడి. "ప్రతి పూటా."

"ఊరుకో మిజే," అన్నాడు ఖతీబ్. జువేనా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. "పొద్దు పోతోంది బీ. బండి దొరకదు మళ్లీ."

ఇంటికొచ్చిన మనిషిని రోడ్డు దాకా సాగనంపకుండా ఆ దీవిలో ఎవరూ పంపరు. శత్రువునైనా నాలుగడుగులు నడిపించి వస్తారు. ఆ సాయంత్రం అరుగు మీంచి ఎవరూ లేవలేదు. జువేనా లవంగాల చాపల మధ్య నుంచి ఒక్కతే నడిచి వెళ్లింది.

*

సోమవారం డాక్టర్ నస్సోర్ కూడా ముందు ఖతీబ్ లాగే నవ్వాడు.

"మీ మనసు నాకు తెలియదా బీ? కాని ఇలా మనసుతో లెక్కలు మార్చుకుంటూ పోతే..."

"మనసు కాదు డాక్టర్, టైము," అంది జువేనా. "మీ ఫోను తియ్యండి. ఆ రోజు ఫొటోలున్నాయిగా. నేను కాఫీ కప్పుతో ఉన్నది ఎన్నింటికి తీశారో చూడండి."

డాక్టర్ విసుక్కుంటూనే తీశాడు. వేలితో జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. ఇస్త్రీ కోటులో, హల్వా ముక్క పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న జువేనా. పదకొండూ యాభై రెండు. ఆయన ఆ బొమ్మనీ ఎదురుగా నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"అయిదు నిమిషాలనే కదా నేను అన్నది," అన్నాడు చివరికి. తనని కూడా ఎవరో నిలదీసినట్టు అన్నాడు.

"మీరు అయిదే అన్నారు. మిగతావి నావి."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. కోపం అప్పుడొచ్చింది. ఇరవై రెండేళ్లు అన్నాడు, నా పరువన్నాడు, ఆ అతిథులకి ఉత్తరం కూడా రాసేశానన్నాడు, ఇకమీదట మైక్రోస్కోపు ముందు కూర్చోవద్దన్నాడు. జువేనా అన్నిటికీ తలూపింది. నాలుగు రోజులుగా ఆమెకి అంత తేలిగ్గా ఊపిరాడింది అప్పుడే.

"మందిచ్చాక చూడాల్సిన గడువు ఈ గురువారంతో సరి, అది దాటితే ఆ పిల్లలు లెక్కకి రారు," అన్నాడు డాక్టర్ అలిసిపోయి. "మళ్లీ మలం అడగాలి. ఏ మొహంతో అడుగుతాం?"

"నేను వెళ్తాను."

మ్జింగానీ బడి ముందు తల్లులు పోగయ్యారు. కొత్త డబ్బాలు చూడగానే ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్లీనా? మా పిల్లల దాంట్లో బంగారమేమైనా దొరికిందా ఏంటక్కా? మొన్న తీసుకెళ్లింది ఎక్కడ పారబోశారు?"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. పెద్ద పంతులమ్మ వాళ్లని ఊరుకోమనబోయింది. జువేనా ఆమెని ఆపింది.

"పారబొయ్యలేదు. టైముకి చూడాల్సింది, నేను చూడలేదు. ముచ్చట్లలో పడి మర్చిపోయాను. చూశానని అబద్ధం రాశాను. తప్పు నాదే."

ఆ ముందరి ఆడమనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అలా చెప్పు మరి! నేననుకుంటూనే ఉన్నా," అంది. "మావాడు రెండు రోజులు ముక్కీ మూలిగీ ఇచ్చాడమ్మా అది! ఇంత వయసొచ్చి కబుర్లలో పడ్డావా? నీకు జీతం ఎందుకిస్తున్నట్టు?"

అక్కడ ఎవరూ దాన్ని మంచితనమనుకోలేదు. జువేనా తల వంచుకుని తిట్లన్నీ తిన్నది. ఇంటింటికీ తిరిగి పద్దెనిమిది డబ్బాలు స్వయంగా ఇచ్చింది. ఆ రోజు కానివాళ్లకి మర్నాడు మళ్లీ వెళ్లింది.

*

బుధవారం తొమ్మిదింటికి పద్దెనిమిదీ వచ్చాయి. స్లైడ్లు జువేనాయే చేసింది. మైక్రోస్కోపు ముందు ఖతీబ్ కూర్చున్నాడు. రెండో పళ్లెం చూడడానికి పక్కగదిలో పనిచేసే ఒకాయన అవతలి బల్ల దగ్గర కూర్చున్నాడు. పుస్తకం రాసే మనిషి లేకపోతే నేను రాస్తానంది జువేనా. డాక్టర్ ఖతీబ్ వైపు చూశాడు. "రాయనివ్వండి," అన్నాడు ఖతీబ్.

ఆ పొద్దున అతను షికామో అనలేదు. వచ్చి, స్టూలు సర్దుకుని, అద్దం తుడుచుకున్నాడంతే. ఆమె దానికోసం ఎదురుచూడలేదని చెప్పడానికి లేదు.

ఖతీబ్ చేతిలో లెక్క మర టిక్కు టిక్కుమంటోంది. మొదటి పిల్లకి సున్నా. రెండో పిల్లవాడికి చాలాసేపు టిక్కుమంది.

"పదిహేడు," అన్నాడు.

ఆమె రాసింది. అతను మైక్రోస్కోపు నుంచి తల ఎత్తి, మెడ సాచి పక్కకి వంగాడు. మెడ పట్టేసిందేమో అనుకుంది. మూడో స్లైడు సున్నా. మళ్లీ వంగాడు. అప్పటికి గాని ఆమెకి బోధపడలేదు. తను చెప్పిన అంకే ఆమె రాసిందో లేదో చూసుకుంటున్నాడు. రాసిన టైము చూసి, గోడ గడియారం చూసి, అప్పుడు తర్వాతి స్లైడు తీసుకుంటున్నాడు. మొహంలో కోపం లేదు, దెప్పడం లేదు. సరిచూసుకోవాల్సిన పని సరిచూసుకుంటున్నాడు. ఆమె రాసిన అంకె అయితే చాలని తన కళ్లనే కాదనుకున్న మనిషి.

జువేనా చెవులు కాలిపోయాయి. కాసేపు పెన్ను పట్టుకున్న వేళ్లని చూసుకుంది. తర్వాత ఒళ్లో ఉన్న పుస్తకం తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద, అతనికి తిన్నగా కనిపించేలా పెట్టింది. తన వైపు నుంచి రాయడానికి చెయ్యి బాగా వంచాల్సి వచ్చింది, అక్షరాలు వంకర పోయాయి.

మొత్తం ఎనిమిది మందిలో గుడ్లున్నాయి. ఆ ఎనిమిది మందే. అవతలి బల్ల ఆయనకీ అంతే వచ్చింది. పద్దెనిమిది స్లైడ్లకీ ఖతీబ్ పద్దెనిమిదిసార్లు వంగి చూశాడు. ప్రతిసారీ అతను చూసేదాకా ఆమె పేజీ మీంచి చెయ్యి పక్కకి తీసి ఉంచింది.